రాత్రి రెండున్నరకు జరగాల్సిన పని



2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజినీరు డేటాబేస్ ఇబ్బందితో కుస్తీ పడుతూ, పొరపాటున అసలు సర్వర్ మీదే డిలీట్ కమాండ్ ఇచ్చాడు. వెంటనే గ్రహించి ఆపాడు. అప్పటికే 300 జీబీల డేటాబేస్‌లో నాలుగున్నర జీబీలే మిగిలాయి. ప్రపంచమంతటా ప్రోగ్రామర్లు తమ పని దాచుకునే చోటు అది. బ్యాకప్‌లు లేవా అంటే, నకళ్లు నిలబెట్టుకునే ఏర్పాట్లు ఐదు రకాలుగా చేసుకున్నారు. తీరా అవసరం పడితే ఒక్కటీ సరిగా అక్కరకు రాలేదు. రోజూ డేటాబేస్‌ను కాపీ తీయాల్సిన ప్రోగ్రాం, వెర్షన్ పొసగక ప్రతిసారీ ఫెయిలవుతోంది. ఫెయిలైందని మెయిల్ పంపుతూనే ఉంది. ఆ మెయిళ్లను మెయిల్ సర్వర్ తిప్పికొడుతోంది. ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్ ఉండబట్టి బయటపడ్డారు. ఆ ఆరు గంటల్లో డేటాబేస్‌లో చేరినవి పోయాయి. జరిగినదంతా వాళ్లే రాసి బయటపెట్టారు, రికవరీని ప్రత్యక్ష ప్రసారంలో చూపించారు. అందుకు వాళ్లంటే నాకు గౌరవం.

అంత పెద్ద కంపెనీ సంగతి మనకెందుకు అనుకోకండి. వాళ్లకు జరిగిందే చిన్న ఆఫీసుల్లోనూ జరుగుతుంది. బ్యాకప్ పెట్టారు, నడుస్తోందనుకున్నారు, ఎవరూ తెరిచి చూడలేదు. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఒక్కటే. కాపీ తీసే పనిని పూర్తిగా మెషీన్‌కు అప్పగించండి. ఆ కాపీని తిరిగి తెరిచి చూసే పనిని మాత్రం మనిషి దగ్గరే ఉంచుకోండి. మనలో చాలామంది దీనికి తలకిందులుగా చేస్తున్నాం. కాపీ తీయడం అకౌంటెంట్ గారి జ్ఞాపకశక్తికి వదిలేస్తాం, తెరిచి చూడడం ఎవరికీ అప్పగించం.

మొదట, బ్యాకప్ అనుకుని మోసపోయే వాటి గురించి. ‘మా సర్వర్‌లో రెండు డిస్కులున్నాయి, రెయిడ్ పెట్టించాం’ అంటారు. మంచిదే. ఒక డిస్కు చెడితే రెండోదాని మీద పని సాగుతుంది. కానీ మీరు తప్పుగా చెరిపేసిన ఫోల్డర్ ఆ క్షణమే రెండో డిస్కులోనూ చెరిగిపోతుంది. ఇంటి తాళంచెవికి నకలు చేయించి, రెండూ ఒకే గుత్తికి తగిలించుకుని తిరగడం లాంటిది ఇది. గూగుల్ డ్రైవ్‌కు ఫోల్డర్ సింక్ చేసినా చిక్కు ఇదే: ఇక్కడ పాడైన ఫైలు కాసేపటికి అక్కడా పాడైన ఫైలే. పాత వెర్షన్లు కొన్నాళ్లుంటాయి, నిజమే. ట్రయల్ బ్యాలెన్సులో తేడా ఆ కొన్నాళ్ల తర్వాత బయటపడితే? కాబట్టి బ్యాకప్‌కు చరిత్ర ఉండాలి. నిన్నటిది, పోయిన వారానిది, పోయిన మార్చిది విడివిడిగా దొరకాలి.

ఇక ఏర్పాటు. ఖరీదైనదేమీ అక్కర్లేదు. లైనక్స్ సర్వర్ అయితే ఆర్‌సింక్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరస్ అనే ఇద్దరు ఆస్ట్రేలియాలో ఉండగా 1996లో దాన్ని విడుదల చేశారు. నెట్‌వర్క్ మీద ఫైలు మొత్తం పంపకుండా, మారిన ముక్కలు మాత్రమే పంపడం దాని గొప్ప. ఇంకో సుగుణం ఉంది. ఏ రోజుకారోజు తేదీతో ఒక ఫోల్డర్ చేయమంటే, నిన్నటి నుంచి మారని ఫైళ్లను మళ్లీ కాపీ చేయకుండా పాతవాటికే లంకె వేస్తుంది. మీరు తెరిస్తే ప్రతి తేదీ ఫోల్డర్‌లో అన్ని ఫైళ్లూ కనిపిస్తాయి. డిస్కులో మాత్రం కొత్తవి పట్టినంత చోటే ఖర్చవుతుంది. రోజువారీవి ఏడు, వారానివి నాలుగు, నెలవారీవి పన్నెండు ఉంచి మిగతావి తీసేయమని స్క్రిప్ట్‌కు చెప్తే ఏడాది చరిత్ర మీ చేతిలో ఉంటుంది.

దాన్ని రోజూ రాత్రి రెండున్నరకు నడిపించేది క్రాన్. ఒక్క లైను రాస్తే చాలు. కాకపోతే ఇక్కడ మన పరిస్థితి గుర్తుంచుకోవాలి. రాత్రి ఆఫీసు మూసేటప్పుడు సర్వర్ ఆపేసి వెళ్లేవాళ్లున్నారు. రెండున్నరకు కరెంటు పోయి, యూపీఎస్ చేతులెత్తేసే రోజులుంటాయి. ఆ సమయానికి మెషీన్ ఆగి ఉంటే మామూలు క్రాన్ ఆ పనిని వదిలేస్తుంది, మర్నాడు గుర్తుచేయదు. దానికి బదులు అనాక్రాన్ వాడితే, మెషీన్ మళ్లీ లేచాక తప్పిపోయిన పనిని పట్టుకుని చేస్తుంది. విండోస్‌లో టాస్క్ షెడ్యూలర్‌కు కూడా ఆ సదుపాయం ఉంది. సెట్టింగ్స్‌లో, సమయం తప్పితే వీలైనంత త్వరగా నడపమనే గడి ఉంటుంది. దానికి టిక్కు పెట్టండి.

చిన్న ఏర్పాట్లను చాలాసార్లు దెబ్బతీసే లోపం ఒకటి చెప్తాను. లైనక్స్ సర్వర్‌కు యూఎస్‌బీ డిస్కు తగిలించి, దానిలోకి కాపీ చేయమని స్క్రిప్ట్ రాస్తాం. ఒకరోజు ఊడ్చేటప్పుడు ఆ వైరు ఊడుతుంది. స్క్రిప్ట్ ఆగదు. డిస్కు పేరుతో ఉన్న ఖాళీ ఫోల్డర్ సర్వర్‌లోనే ఉంటుంది కాబట్టి బ్యాకప్ అంతా అందులోకే పోస్తుంది. పని పూర్తయిందనే చెప్తుంది. సర్వర్ డిస్కు నిండి లెక్కల సాఫ్ట్‌వేరు ట్యాలీ మొరాయించేదాకా ఎవరికీ తెలియదు. అందుకని స్క్రిప్ట్ మొట్టమొదట డిస్కు నిజంగా తగిలి ఉందో లేదో చూడాలి, లేకపోతే ఆగి మొర పెట్టాలి. రెండు లైన్ల పని.

డేటాబేస్ విషయంలో ఇంకో జాగ్రత్త. ఆసుపత్రి సాఫ్ట్‌వేరో, స్కూలు సాఫ్ట్‌వేరో మైఎస్‌క్యూఎల్ మీద నడుస్తుంటే, ఆ ఫైళ్లను నడుస్తుండగా కాపీ చేయకూడదు. సగం పాతది, సగం కొత్తది కలిసిన ఫైలు వస్తుంది, అది తెరుచుకోకపోవచ్చు. ముందు డేటాబేస్ చేతనే డంప్ తీయించి, ఆ డంప్‌ను కాపీ చేయాలి. ట్యాలీ అయితే అందరూ మూసేశాక తీయడం క్షేమం.

డీటీపీ మిత్రులకు ప్రత్యేకంగా ఒక మాట. మీ పేజ్‌మేకర్ ఫైళ్లతోపాటు అను ఫాంట్లను కూడా బ్యాకప్‌లో పెట్టండి. ఆ అక్షరాలు యూనికోడ్ కావు. ఫాంటు లేని కంప్యూటర్‌లో పాతికేళ్ల పుస్తకాల ఫైళ్లన్నీ అర్థంకాని గుర్తులుగా కనిపిస్తాయి. ఎందరో స్థానిక రచయితల పుస్తకాలకు ఇవాళ మిగిలిన ఒకే ప్రతి మీ డిస్కుల్లో ఉంది. మీకది పాత ఆర్డరు ఫైలు కావచ్చు, నా దృష్టిలో అది ఊరి ఆస్తి.

కాపీ ఎక్కడ ఉండాలి? పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఉంది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి ఊరవతల. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ తగలబడినప్పుడు, కొందరు ఖాతాదారుల అసలు డేటా, బ్యాకప్ రెండూ అక్కడే ఉండి బూడిదయ్యాయి. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియా ప్రభుత్వ డేటా కేంద్రంలో మంటలు చెలరేగితే, ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్లు పోయాయి. మరీ పెద్దదని దానికి బయట బ్యాకప్ పెట్టలేదు. మన తీరంలో హుద్‌హుద్ తుపాను చూసినవాళ్లకు నేను వేరే చెప్పనక్కర్లేదు. ఆఫీసులో ఒక డిస్కు, ఇంట్లో ఇంకొకటి, వీలైతే క్లౌడ్‌లో మూడోది. 100 ఎంబీపీఎస్ కనెక్షన్ మీద ఒక టెరాబైట్ ఎక్కడానికి ఒక పగలూ రాత్రీ దగ్గరగా పడుతుంది. అది మొదటిసారి మాత్రమే. తర్వాత రోజూ వెళ్లేది మారినంతే.

అగ్నికన్నా ఎక్కువగా నేను భయపడేది, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్‌కు. 2017 మేలో వాన్నాక్రై వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అలాంటి ప్రోగ్రాం సర్వర్‌లో దూరితే, ఎప్పుడూ తగిలించి ఉంచిన యూఎస్‌బీ డిస్కుకూ తాళం వేసేస్తుంది. కాబట్టి సర్వర్ తన బ్యాకప్‌ను తాను రాసుకునే పద్ధతికన్నా, వేరే చిన్న మెషీన్ సర్వర్ నుంచి లాక్కునే పద్ధతి మేలు. సర్వర్‌కు ఆ మెషీన్‌లోకి పోయే దారే ఉండకూడదు. అది కుదరకపోతే రెండు డిస్కులు పెట్టుకుని, వారం వారం మార్చి ఒకటి ఇంటికి తీసుకెళ్లండి.

కంపెనీగా రిజిస్టరైనవాళ్లకు ఇది ఇష్టాయిష్టాల విషయం కాదు. 2022 ఆగస్టులో మారిన నిబంధన ప్రకారం, ఎలక్ట్రానిక్ లెక్కల పుస్తకాల బ్యాకప్ భారతదేశంలో ఉన్న సర్వర్‌లో ప్రతిరోజూ ఉండాలి. పుస్తకాలనేమో ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు భద్రపరచాలి. కాబట్టి మార్చి 31 నాటి కాపీని ఏ స్క్రిప్టూ తొలగించని చోట విడిగా దాచండి.

బ్యాకప్ ఫెయిలైతే మెసేజ్ రావాలంటారు. నేను ఇంకొంచెం ముందుకు వెళ్తాను. మెసేజ్ పంపాల్సిన మెషీన్ చచ్చిపోతే ఎవరు పంపుతారు? అందుకే పని సవ్యంగా అయిన ప్రతిరోజూ ఒక చిన్న సంకేతం వేరే చోటికి వెళ్లాలి. అది రాని రోజున ఆ చోటు మిమ్మల్ని హెచ్చరించాలి. ఇలాంటి సేవలు ఉచితంగా కూడా ఉన్నాయి.

చివరగా మనిషి పని. నెలకోసారి, ఫలానా తేదీ అని క్యాలెండర్ మీద రాసుకుని, సర్వర్ కాని వేరే కంప్యూటర్ ముందు కూర్చోండి. మూడు నెలల కిందటి బ్యాకప్‌లోంచి ఒక ఫైలు తీసి తెరవండి. ట్యాలీ కంపెనీని రీస్టోర్ చేసి, ఆ రోజు క్లోజింగ్ బ్యాలెన్స్‌ను కాగితం మీది ప్రింటుతో పోల్చండి. ఎంతసేపు పట్టిందో రాసి పెట్టండి. బ్యాకప్ ఏర్పాటు చూసుకునే మనిషి కాకుండా ఆఫీసులో రెండో మనిషి ఈ పని చేయాలి. మొదటి మనిషి సెలవులో ఉన్న రోజే సర్వర్ పోవచ్చు. రెస్టిక్, బోర్గ్ లాంటి ప్రోగ్రాంలతో తాళం వేసి దాచుకుంటే, ఆ పాస్‌వర్డ్ పోతే లోపలున్నది తెరిచే దారి ఇంకెవరి దగ్గరా లేదు. దాన్ని కాగితం మీద రాసి, సర్వర్ లేని ఇంట్లో, దస్తావేజులు ఉంచే బీరువాలో పెట్టండి. ఆ కాగితం ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి తెలియాలి.

నేను చెప్పిన స్క్రిప్ట్, డిస్కు తగిలి ఉందో లేదో చూసే ఆ రెండు లైన్లతో సహా, ఈ బల్ల మీది మెషీన్‌లో నడుస్తోంది. ముందుకు రండి, వైరు మీ చేత్తోనే పీకి చూడండి. ప్రశ్నలు అక్కడే మాట్లాడుకుందాం.