చీనా దేశపు సూదుల వైద్యము



ముల్లు గ్రుచ్చుకొన్నచో బాధ కలుగునని మనకందరకును తెలియును. అట్టి పోటుచేతనే బాధను తగ్గింపవచ్చునని చీనావారు రెండువేల ఏండ్లకు పైగా నమ్మి ఆచరించుచున్నారు. దీనినే ఆక్యుపంక్చరు అందురు. మన దేశమునందును ఈ చికిత్స చేయువారు కలరు. కనుక దీని స్వరూపమెట్టిదో, దీనివలన ఆశింపదగినదేమో, ఆశింపరానిదేమో తెలిసికొనుట మేలని తలచి ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

చీనా భాషలో దీని పేరు 'జెన్ జియు'. మొదటి మాటకు సూది యనియు, రెండవ మాటకు సెగ పెట్టుట యనియు అర్థము. మాచిపత్రి జాతి మొక్క ఆకును ఎండబెట్టి, నలిపి, దూదివలె చేసి, ముట్టించి ఆ వేడిని శరీరమునకు తగిలింతురు. వినాయకచవితి పత్రిలో మాచిపత్రిని చూచిన మనకు ఆ మొక్క దగ్గరి చుట్టమే.

'చి' అను ప్రాణశక్తి కొన్ని మార్గముల వెంట శరీరమంతట ప్రవహించుననియు, కాలువ పూడినచో పైరు ఎండునట్లు ఆ మార్గమున అడ్డు ఏర్పడినచో వ్యాధి కలుగుననియు వారి ప్రాచీన సిద్ధాంతము. ముఖ్యమార్గములు పదునాలుగు. వానిపై 361 స్థానములను ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పట్టికలో చేర్చినది. స్థానమును గుర్తించుటకు రోగి బొటనవ్రేలి వెడల్పే కొలత. బెత్తెడు, జానెడు అని కొలుచుకొను మనకు ఈ పద్ధతి వింత కాదు.

1027వ సంవత్సరమున వాంగ్ వెయ్‌యీ అను వైద్యుడు ఈ స్థానములను చూపు రెండు కంచు విగ్రహములను పోత పోయించెను. పరీక్షా సమయమున విగ్రహమునకు మైనము పూసి, లోపల నీరు నింపి, విద్యార్థిచే సూది గ్రుచ్చించెడివారనియు, గురి కుదిరినచో నీరు వెలికి వచ్చెడిదనియు చెప్పుదురు. అట్టి విద్యను 1822లో చీనా చక్రవర్తియే రాజవైద్యశాలనుండి తొలగించెను. తరువాత చెంగ్ దానాన్ అను వైద్యుడు శరీరశాస్త్రము ననుసరించి స్థానములను సవరించి, సన్నని సూదులను ప్రచారము చేసి, దీనికి తిరిగి ప్రాణము పోసెను.

నేడు పద్ధతులు పలు విధములు. చీనావారు సూదిని త్రిప్పుచు రోగికి బరువు, తిమ్మిరి తోచునట్లు చేయుదురు. జపానులో 17వ శతాబ్దమున సుగియామా వాయిచీ అను అంధవైద్యుడు సన్నని గొట్టము ద్వారా సూదిని దింపు ఉపాయమును ప్రచారమునకు తెచ్చెను. అచ్చట మిక్కిలి సన్నని సూదులను పైపైననే గ్రుచ్చుట పరిపాటి. ఫ్రాన్సులో పాల్ నోజియే 1950 తరువాత చెవి నొకదానినే చికిత్సాస్థలముగా గ్రహించెను. సూదులకు స్వల్పముగా విద్యుత్తు నిచ్చుట మరియొక పద్ధతి. కొందరు పాశ్చాత్య వైద్యులు 'చి' మాటను విడిచి, నరములపై కలుగు ప్రభావముగానే దీనిని వివరింతురు.

మన దేశమునకు దీనితో సంబంధము కలదు. 1938లో కోట్నీస్‌తోబాటు చీనాకు సేవకై వెళ్ళిన ఐదుగురు వైద్యులలో ఒకరగు విజయకుమార్ బసు తరువాతి కాలమున కలకత్తాలో ఈ చికిత్సను ప్రారంభించిరి.

ఇంతకును ఇది పనిచేయునా? 2007లో జర్మనీ వైద్యులు దీర్ఘకాలపు నడుము నొప్పి గల 1162 మందిని పరీక్షించిన ఫలితములు వెలువడినవి. ఆరు నెలల పిమ్మట గుణము కనిపించినవారు సరియైన స్థానములలో సూదులు పొందినవారిలో నూటికి సుమారు 48 మంది. స్థానము కానిచోట పైపైన గ్రుచ్చబడినవారిలో 44 మంది. మందులు, వ్యాయామము మున్నగు వాడుక చికిత్స పొందినవారిలో 27 మంది. సూదుల చికిత్స వలన పెక్కుమందికి నొప్పి తగ్గినది నిజము. స్థానమునందే మహిమ యున్నదనుట మాత్రము దీనివలన రుజువు కాలేదు.

కావున ఒక మాట గట్టిగా చెప్పుచున్నాము. నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పి, తలనొప్పి వంటివానికి, డాక్టరుకు చూపించుకొన్న పిదప, దీనిని ప్రయత్నింపవచ్చును. క్షయ, మధుమేహము, గుండెపోటు, పక్షవాతము, పాముకాటు, పుట్టకురుపు వంటివానికి సూదులను నమ్ముకొని కాలము గడపరాదు. పక్షవాతమున మొదటి గంటలే ప్రాణప్రదములు.

చికిత్స చేయించుకొనువారు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. సూది క్రొత్తదై, సీలు విప్పని పొట్లమునుండి మీ యెదుటనే తీయబడవలెను. ఒకరికి వాడిన సూది మరియొకరికి వాడినచో కామెర్లు కలిగించు క్రిములు సంక్రమింపవచ్చును. రొమ్ముపై లోతుగా గ్రుచ్చినచో ఊపిరితిత్తికి రంధ్రము పడవచ్చును. గర్భిణులును, రక్తము గడ్డకట్టకుండ మందులు వాడువారును ఆ సంగతి ముందే చెప్పవలెను. వాడుచున్న మందులను డాక్టరు చెప్పనిదే మానరాదు.

ఏ దేశపు విద్యయైనను మేలు చేసినచో గ్రహింపదగినదే. అయితే మొదట వ్యాధి యేదో తెలిసికొని, తరువాత చికిత్సను ఎన్నుకొనుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.