నాగా పెట్టనివాడు

మైకు పట్టుకొని మాట్లాడే అలవాటు నాకు లేదు. పొద్దున్నే టూల్‌బాక్స్ మీటింగ్‌లో హార్నెస్ తగిలించుకోండి, నీళ్లు తాగండి అని అరవడమే తెలుసు. మత్తు గురించి చెప్పమని కమిటీ పెద్దలు అడిగితే, రోడ్డు మీద పడిపోయేటోని గురించి కాదు, డ్యూటీకి టైముకు వచ్చేటోని గురించి చెప్తా అన్న.

ఇక్కడ దుబాయ్‌లో మా సైట్‌ల ఒక స్టీల్ ఫిక్సర్ ఉండె. జగిత్యాల దిక్కు పిల్లగాడు, పేరు చెప్పను. రెండేండ్లల్ల ఒక్క నాగా లేదు. ఓవర్‌టైం అంటే ముందు చెయ్యెత్తేది అతనే. అతన్ని చూపించి మిగతావాళ్లను తిట్టేవాణ్ని.

ఆ పిల్లగాడు రోజుకు ఆరు ట్రామడాల్ గోళీలు మింగుతున్నడని నాకు తెల్వదు. నడుం నొప్పికి మొదలుపెట్టిండట. రాడ్లు మోసి, రోజంతా వంగి వైరు కట్టేటోనికి నడుం నొయ్యక ఏమైతది? రూమ్‌ల ఎవరో ఊరి నుంచి తెచ్చిన గోళీ ఇచ్చిండు. నొప్పి పోయింది, హుషారు కూడా వచ్చింది. అది నల్లమందు జాతి మందు. ఒకటి రెండయింది, రెండు నాలుగైనయి. తర్వాత నొప్పి కోసం కాదు, వేసుకోకపోతే నిలబడలేక వేసుకున్నడు.

ఒకసారి గోళీలు తెచ్చేటోడు రాలేదు. రెండో రోజుకే చెమటలు, ముక్కు కారుడు, ఒళ్లు నొప్పులు, నిద్ర లేదు. జులై నెల కదా, ఎండదెబ్బ అనుకొని నీడకు కూర్చోబెట్టి ఓఆర్ఎస్ ఇచ్చిన. మూడో రోజు ఏడో అంతస్తు స్లాబు అంచున వణుకుతుంటే కిందికి దింపిన. మెట్ల మీద కూర్చొని చెప్పిండు: "అన్నా, నేను తాగుబోతును కాదు. పని చేయడానికే వేసుకున్న." నాకు జవాబు దొరకలేదు. ఆ ఓవర్‌టైం షీట్ల మీద సంతకాలన్నీ నావే.

రిపోర్టు రాస్తే జైలని భయం. పైకి పంపితే పడిపోతడని భయం. నాలుగు రోజులు స్టోర్‌ల కూర్చోబెట్టి, టికెట్ తీసి ఊరికి పంపిన. అది సరైన పనేనా అని ఇప్పటికీ అనిపిస్తది. పట్టుబడకముందే తనంతట తాను చికిత్సకు పోయినవాని మీద కేసు ఉండకూడదని ఇక్కడి చట్టంలో ఉన్న సంగతి అప్పుడు నాకు తెల్వదు. మీకెవరికైనా ఆ అవసరం పడితే ముందు మన ఫోరం వకీలుతో మాట్లాడి పోండి. సొంతంగా ఒక్కసారే ఆపొద్దు, డాక్టరు మెల్లగా తగ్గిస్తడు. ఎక్కువ మింగితే ఫిట్స్ కూడా వస్తయి. స్కాఫోల్డింగ్ మీద ఫిట్స్ అంటే ఏమైతదో మీకు నేను చెప్పాల్నా?

ఊరి నుంచి వచ్చేటప్పుడు ఎవరి గోళీల పొట్లం తేవద్దు, సొంత బావ అడిగినా సరే. 2018 నుంచి మన దేశంలోనే అది ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వచ్చింది. ఇక్కడ చీటీ, పర్మిషన్ లేకుంటే జైలు కూడా పడొచ్చు.

ఇంకోటి. కొన్ని కల్లు దుకాణాల్లో ఆల్ప్రాజోలం కలుపుడు మనకు ఎరుకే. నెల రోజుల సెలవంతా అదే తాగి విమానం ఎక్కినోనికి ఇక్కడ మొదటి వారమే చేతులు వణికి ఫిట్స్ రావచ్చు. డాక్టరుకు కల్లు సంగతి దాచకండి.

ఆ పిల్లగాడు ఎర్రగడ్డ దవాఖానలో ఉండి బాగైండు. ఎర్రగడ్డ అంటే మనోళ్లు నవ్వుతరు, నవ్వనీయండి. ఇంటి దగ్గర ఎవరికైనా అవసరముంటే 14446కు ఫోన్ చేయమనండి, పైసలు పడవు.

ఇప్పుడు ఊళ్లోనే సెంట్రింగ్ పనికి పోతున్నడు. మొన్న ఫోన్ చేసి, "అన్నా, ఇయ్యాల నడుం నొస్తుందని నాగా పెట్టిన" అన్నడు. మంచిగ చేసినవ్, పండుకో అన్న.