సున్నం కింది అక్షరాలు

(ఎమ్మిగనూరులో దేవాలయ మండపమున జరిగిన స్థానిక చరిత్ర, సాహిత్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఊరి చరిత్రను, సాహిత్యాన్ని స్మరించుకోవడానికి దేవాలయ మండపం కంటె తగిన చోటు లేదు. పూర్వులు పురాణం విన్నది ఇక్కడే, దానశాసనం చెక్కించినదీ ఇక్కడే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు మన ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిది. కనుక ఒక రాతిపై కన్నడం, మరొక రాతిపై తెలుగు కనిపిస్తే వింతపడనక్కరలేదు.

శ్రీ రాఘవేంద్రస్వామివారు 1671లో సజీవంగా బృందావన ప్రవేశం చేసిన మంచాల గ్రామమే నేటి మంత్రాలయం. ఆ గ్రామాన్ని స్వామివారికి సమర్పించినవాడు ఆదవాని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ అని భక్తుల పరంపర చెబుతున్నది. ఆయన కట్టించిన జామియా మసీదు నేటికీ ఆదోనిలో నిలిచి ఉన్నది.

ఎమ్మిగనూరు అనగానే 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన చేనేత సహకార సంఘం తలపునకు వస్తుంది. సంఘం లెక్కలు పుస్తకాలకెక్కాయి. మగ్గాల దగ్గర పాడుకొన్న పాటలను వ్రాసిపెట్టినవారెవరు?

దత్తమండలాలు 1800లో కుంపిణీ వశమైన తరువాత కల్నల్ మెకంజీ తన మనుషులను పల్లెలకు పంపి, కరణాల చేత ఊరి పుట్టుపూర్వోత్తరాలు చెప్పించి వ్రాయించాడు. అవే కైఫీయత్తులు. గుడి ఎవరు కట్టించారు, మాన్యం ఎంత, చెరువు ఎప్పుడు తెగింది, అన్నీ అందులో ఉంటాయి. తరువాత బ్రౌన్ దొర వాటికి నకళ్లు వ్రాయించాడు. పరాయివారు చేసిన ఆ పని మనం చేయకపోవడం నాకు కొంత సిగ్గుగానే ఉన్నది.

ఇప్పుడు నొప్పించే మాట ఒకటి చెప్పాలి, దాతలు మన్నించాలి. నేను చిన్ననాడు చూచిన ఒక పల్లె గుడిలో, వాకిలి పక్క బండపై "స్వస్తిశ్రీ" అని మొదలయ్యే శాసనం ఉండేది. దానమిచ్చిన పొలానికి తూర్పున వంక, పడమర బాట అని ఎల్లలు కూడా చెక్కారు. జీర్ణోద్ధరణ జరిగింది. సున్నం మీద రంగు, రంగు మీద పలకలు, వాటిపై కొత్త దాతల పేర్లతో పాలరాతి ఫలకం! పాత దాత పేరు కింద పడిపోయింది. మాన్యం గురించి తగాదా వస్తే చూపడానికి ఆ ఎల్లలు నేడు కంటికి కనబడవు. నేనైనా ఒక్క నకలు తీసుకోలేదు. ఆ తప్పులో నాకూ పాలున్నది.

పని కష్టమైనది కాదు. రాతిని నీటితో మెల్లగా కడగాలి. ఇనుప బ్రష్షు, ఆమ్లం తగలనీయరాదు. తడి కాగితం పరచి, కుంచెతో అక్షరాల గుంటలలోకి దిగేలా కొట్టి, కొంత ఆరిన తరువాత మసి అద్దితే అక్షరాలు తెల్లగా తేలుతాయి. చదవలేకపోతే మైసూరులోని పురావస్తు శాఖవారి శాసన విభాగం ఉన్నది. ఇంట్లో అవ్వలు పాడే జాతర పాటలను ఫోనులోనైనా పట్టి ఉంచండి.

ఈ ఏడు మీలో ఎవరైనా ఏ గుడికైనా రంగులు వేయించదలిస్తే, మేస్త్రీకి బయానా ఇచ్చే ముందు నాకు కబురు చేయండి. కాగితం, కుంచె, మసి పట్టుకొని నేనే వస్తాను.