తెరచాప పడవలో చల్లని పెట్టె

చోడవరమునకు సముద్రము లేదు. కాని విశాఖ తీరపు చేప ఇచ్చటి సంతకు వచ్చును. ఆ చేప చెడునో నిలుచునో చాలవరకు పడవలోనే తేలిపోవును. కనుక పడవలో చల్లదనమును నిలుపు ఉపాయమును నేడు విచారింతము.

యంత్రము కంటె ముందు చూడవలసినది పెట్టె. 1833లో టస్కనీ అను తెరచాప ఓడ 180 టన్నుల మంచుతో బోస్టను నుండి బయలుదేరి, భూమధ్యరేఖను రెండు మారులు దాటి, నాలుగు మాసములకు కలకత్తా చేరెను. సుమారు 100 టన్నులు మిగిలెను! అందు యంత్రమేదియు లేదు. మంచు చుట్టును దట్టముగా కూరిన గడ్డియు, బెరడు పొడియుమాత్రమే.

విశాఖ మరపడవలు నేటికిని చితుకగొట్టిన మంచును మోసికొని పోవును. కిలో మంచు కరగుచు 80 కిలోకేలరీల వేడిని పీల్చుకొనును. కొలది దినముల వేటకు అదియే చవుక.

నెలల తరబడి తెరచాపతో తిరుగువారికి కంప్రెసరు తగును. 12 వోల్టుల బ్యాటరీ నుండి 5 ఆంపియర్లు లాగు యంత్రము దినమునకు 12 గంటలు నడచినచో 60 ఆంపియర్-గంటలు వ్యయమగును. అంత విద్యుత్తునిచ్చు సోలారు పలకలు ఉన్నవో లేవో చూచుకొనియే కొనవలెను. గోడలకు నాలుగంగుళముల ఫోము, వేడి వెలికిపోవుటకు గాలి దారి ఉండవలెను. మూత పైననే ఉండవలెను. ప్రక్కన ఉన్నచో బరువైన చల్లగాలి జారిపోవును.

గోడ పలుచనైనచో ఎంతటి యంత్రమైనను బ్యాటరీని హరించును గాని చేపను కాపాడజాలదు.