తలుపు తట్టవలసినది మనమే



శ్రీహరికోటలో ఎక్కువమంది ఇతర ఊళ్లనుండి వచ్చినవారే. 1969లో ఈ దీవిని రాకెట్ కేంద్రమునకు ఎంపిక చేసిరి. 1971 అక్టోబరు 9న ఇక్కడనుండి మొదటి రోహిణి రాకెట్ ఎగిరినది. తెలుగు, తమిళ, మలయాళ కుటుంబములు ఉద్యోగరీత్యా వచ్చి కాపురములు పెట్టిరి.

ఆ కుటుంబముల పరిచర్య నిమిత్తము, మేము పులికాటు సరస్సుకు ఇవతలనున్న సూళ్లూరుపేటకు వచ్చితిమి. ఇరుగుపొరుగువారే వచ్చి పలకరింతురని కాచుకొని యుంటిమి. ఎవరును రాలేదు. ఒక రాత్రి మా బిడ్డకు జ్వరము తీవ్రమైనది. ఎవరి తలుపు తట్టవలెనో తెలియక, తెల్లవార్లు తడిగుడ్డ వేయుచు కూర్చుంటిమి.

ఉదయము పక్కింటి పెద్దమ్మ సంగతి విని, "ఒక్క కేక వేసుంటే రామా అయ్యగారూ! మీరు ఎవరితోనూ మాట్లాడరు గదా, పిలవకుండా ఎట్ల వచ్చేదని జంకినాం" అనెను.

ఆ మాట మాకు బుద్ధి చెప్పినది. ఆ సాయంత్రమే చెంబు తీసుకొని మజ్జిగ కొరకు ఆమె ఇంటికి పోతిమి. అడుగుటకు పోయినందుననే స్నేహము త్వరగా కుదిరినది. యేసు ప్రభువు సమరయ స్త్రీతో మాట మొదలుపెట్టినది నీళ్లు అడిగియే గదా!

మరియొక సంగతి మరువరాదు. రాకెట్లకు ముందే ఈ దీవి యానాదులకు నివాసము. వారికి మనమే పరదేశులము. కాబట్టి మన పేరు, మన ఊరు, మన అక్కర ముందుగా చెప్పుకొనవలసినది మనమే.

క్రొత్తగా వచ్చినవారలారా, ఆరాధన ముగియగానే వెళ్లిపోకుడి. ఒక్కరికైనను మీ పేరు చెప్పి, వారి పేరు అడిగి వెళ్లుడి.