బంతి బంతికీ పొయ్యి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



జ్ఞాపకాలు చాలామంది చెప్పారు. నేను ఇంజినీరును, బగారా అన్నం గురించి చెప్తా.

మన నల్లగొండ, పాలమూరుల్లో పెండ్లిళ్లు, దావత్‌లు ఎక్కువ ఎండకాలంలోనే. తెల్లవారుజామున దించిన అన్నం మూడో బంతికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండవుతుంది. కూర వాసన చూస్తాం కానీ అన్నాన్ని ఎవరూ అనుమానించరు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి ఉంటుంది. దాని బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా ఉంటే పెరిగి విషం వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. రుచిలోనూ తెలియదు.

సూక్ష్మజీవులు పెరిగేది 5 నుంచి 60 డిగ్రీల మధ్య. మేలో మన ఎండే 44. అంటే బయట ఆరబెట్టి కాపాడుకునే దారి మనకు లేదు. పొయ్యి మీద 60 పైన ఉంచాలి, లేదా బంతికింత వండాలి.

మిగిలింది సాయంత్రం హాస్టల్ పిల్లలకు పంపి పుణ్యమనుకుంటాం. 2024 నవంబరులో మాగనూరు బడిలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. కారణమేదైనా, అది చలికాలం. పంపాలనుంటే పొద్దున్నే వాళ్ల వాటా వేడివేడిగా పంపుదాం.

ఈ రోజు వంట మేస్త్రీతో మాట్లాడిన. బియ్యం మూడు విడతలుగా వేస్తాడు. ఆఖరి బంతి వాళ్లు కాసేపు ఆగాలి. సార్లు, మేడమ్‌లు మాత్రం మొదటి బంతిలోనే కూర్చోవాలె.