వెంగళప్ప అను పేరు



జీర్ణోద్ధరణకు విరాళమిచ్చిన దాతల పేర్లు శిలపై చెక్కించునపుడు ఒక వృద్ధ భక్తుడు నన్ను చేరి, తన పేరు వెంగళప్ప అని కాక వెంకటప్ప అని వేయింపుమనిరి. చిన్నతనము నుండి ఆ పేరు విని నవ్వనివారు లేరట!

అయ్యా, నవ్వవలసిన పేరా అది? తమిళమున స్వామివారి కొండ వేంగడము. తొల్కాప్పియపు పీఠిక తమిళదేశమునకు ఉత్తరపుటెల్లగా చెప్పినది ఆ కొండనే. సంస్కృతమున అది వేంకటము. 'వేం' అనగా పాపములు, 'కట' అనగా దహించునది అని పౌరాణికులు అర్థము చెప్పుదురు. ఇది భక్తి చెప్పిన అర్థమే గాని పదము పుట్టుక కాదని నా అభిప్రాయము. అయినను విడువదగినది కాదు. ఉత్తరాదివారు స్వామిని బాలాజీ అందురు. మన తెలుగువారి నోట తిరువేంగడము తిరువేంగళమైనది. అన్నమాచార్యుల చరిత్రను ద్విపదలో రచించిన ఆయన మనుమడు చిన్నన్న అసలు పేరు తిరువేంగళనాథుడే. వెంగళప్ప, వెంగళమ్మ, వెంగళరావు ఆ కుదురు నుండి వచ్చినవే.

మరి నవ్వెందుకు? అవివేకికి 'వెంగలి' అను వేరొక మాట తెలుగున కలదు. ధ్వని దగ్గరగుటచే ఆ నింద స్వామి పేరునకు అంటుకొన్నదని నా తలంపు.

ఈ మాట చెప్పగా ఆ వృద్ధుడు కొంతసేపు మౌనము వహించి, తండ్రి పెట్టిన పేరే ఉండనిండనిరి. ముఖమండపపు గోడపై ఆరవ పంక్తిలో మీరు దానిని చూడవచ్చును.